ఏటేటా మార్చవలసిన పత్తి

రెండు స్పీకర్లలో ఏది మంచిదో చెప్పమని అడిగేవాళ్ళు నాకు ఇప్పటికీ ఉన్నారు. నేను పని మానేసి చాలా ఏళ్ళయింది. అయినా మా వీధి పిల్లలు ఫోనులో బొమ్మలు చూపించి, "ఇది కొనాలా, అది కొనాలా?" అంటారు. బొమ్మను చూసి శబ్దం సంగతి చెప్పడం నాకు చేతకాదు. నేల మీద నిలబెట్టే పెద్ద పెట్టెలయితే మరీను. రెండింటినీ ఇంటికి తెప్పించుకోండి, రెండింటి శబ్దాన్నీ ఒకే ఎత్తుకు తీసుకురండి, ఒకే పాటలో ఒకే చరణం వేసి, రోజూ మీరు కూర్చునే చోటే కూర్చుని వినండి, అంటాను. ఏది గట్టిగా మోగితే అదే మంచిదని చెవి అనుకుంటుంది. ఎంత సంగీతం వచ్చిన చెవి అయినా అంతే. ఇంత చెప్పేలోపలే వాళ్ళకు ఓపిక అయిపోతుంది. అందుకని ఈసారి రాసిపెడుతున్నాను. తీరిక దొరికినప్పుడు చదువుకుంటారు.

ఇది 1955 నాటి సంగతి. కర్నూలు రాజధానిగా ఉన్న కాలం అనగానే కొందరు 1953 అని సరిచేయబోతారు. 1953లో నేనింకా బడిలో ఉన్నాను. ఇది 1955 వేసవిలో, బనగానపల్లె మామిడికాయలు బజారుకు రావడం మొదలైన రోజుల్లో జరిగింది.

అప్పటి కర్నూలును చూడనివాళ్ళకు చెప్పినా నమ్మడం కష్టం. ఆఫీసులకు గదులు చాలక గుడారాలు వేశారు. ఒక్కొక్క ఇంట్లో రెండు మూడు సంసారాలు. మద్రాసు నుంచీ కోస్తా నుంచీ వచ్చిన ఉద్యోగులు పగలంతా మా ఎండను తిట్టుకుని, చల్లబడే వేళకు రేడియో అంగళ్ళ ముందు నిలబడేవారు. మా శెట్టిగారి అంగడి వాటిలో ఒకటి. రేడియోలు, గ్రామఫోను రికార్డులు, వాటిని వాయించే యంత్రాలు అమ్మేవాళ్ళం. "అమ్మేవాళ్ళం" అని ధీమాగా రాస్తున్నాను గానీ, నేను అక్కడ చేరి అప్పటికి ఏడాది కూడా నిండలేదు.

నన్ను ఆ అంగట్లో చేర్పించినవాడు రేడియోలు బాగుచేసే మేస్త్రి. ఆయనది మా పక్కిల్లు. నేను చాచా అనేదాన్ని. అంగట్లో తెమలని పనిని ఇంటికి తెచ్చుకుని పెరట్లో గోడవారన కూర్చుని చేసేవాడు. గోడకు ఇవతల నేను అంట్లు తోముతూ, "చాచా, ఇంకా గరగర పోల్యా" అని కేకేసేదాన్ని. ఆయన ఇంకేదో తిప్పి, "ఇప్పుడో బేటీ?" అనేవాడు.

"గరగర పోయింది. ఈల వస్తాండాది."

"అరె, నా చెవికి రాల్యా ఈల!"

"ఉండాది చాచా. సన్నగా ఉండాది."

ఆయన మళ్ళీ విప్పేవాడు. అలా జీతం లేకుండా, అంట్ల మధ్య మొదలైంది నా ఉద్యోగం.

ఆఫీసర్ల ఇళ్ళ ఆడవాళ్ళు రికార్డులు విందామని వచ్చి, మగవాళ్ళతో మాట్లాడలేక తిరిగిపోతున్నారని శెట్టిగారు అనుకుంటుంటే మేస్త్రి నా మాట చెప్పాడు. మా నాన్న పోయి అప్పటికి రెండేళ్ళు. ఇంట్లో అమ్మా నేనూ. ఈ పని లేకపోతే ఇద్దరమూ ఆత్మకూరులో మేనమామ ఇంటికి చేరుకోవాలి. మేనమామ మంచివాడే. కానీ అక్కడికి పోతే ఆ ఇంటి వంటగదిలో ఒక మూల నా జీవితం అయిపోతుందని నాకు తెలుసు, అమ్మకూ తెలుసు. ఆ సంగతి మేమిద్దరం ఎన్నడూ పైకి అనుకోలేదు.

అంగట్లో నా పని మొదట్లో బాగానే సాగింది. ఒకరోజు ఒక ఆఫీసరు రేడియో కొనబోతూ, "ఎలా ఉందమ్మాయ్?" అని నన్ను అడిగాడు. "సన్నగా గరగర ఉందండీ, రేపటికి బాగుచేసి ఇస్తాం" అన్నాను. ఆయన మరునాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. శెట్టిగారు నన్ను పిలిచారు.

"నిన్ను విననీకి పెట్టుకున్నా పాపా. చెప్పనీకి కాదు."

లోపల బల్ల దగ్గర పని చేసుకుంటున్న మేస్త్రి తల పైకెత్తాడు. "వినిన మాట చెప్పకపోతే ఇంకెందుకు శెట్టీ వినేది?"

"నువ్వు ఊరుకో సాయిబూ. ఈ పిల్లను గోడ మింద నుంచి దించి తెచ్చినావు. ఇప్పుడు నా అంగడిని ఆ గోడెక్కిస్తాండావు."

మేస్త్రి నవ్వాడు గానీ శెట్టిగారు నవ్వలేదు. ఆడపిల్లను అంగట్లో కూర్చోబెట్టావేమని ఊళ్ళో తన వాళ్ళంతా అడుగుతున్నారనీ, దానికి తోడు ఇదొకటనీ అన్నారు. తర్వాత గొంతు తగ్గించి అసలు మాట చెప్పారు. కడపలో ఒక పని వచ్చింది, మేస్త్రితో నేనూ పోవాలి. తీసుకుపోయే రెండు స్పీకరు పెట్టెల్లో ఒకటి అక్కడ నిలబడితే నా పనీ నిలబడుతుంది. రెండూ వెనక్కి వస్తే వచ్చే నెల నుంచి నేను రానక్కరలేదు. "మీ అమ్మకు చెప్పు. ఆమె కూడా తోడు పోనీ" అన్నారు. కోపంలో కూడా ఆ మర్యాద మరచిపోని మనిషి.

కడప పని ఏమిటంటే, మైదుకూరు దగ్గర భూములున్న ఒక రెడ్డిగారు కడపలో కొత్త ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంట్లో పాటలు వినడానికి మంచి పెట్టె కావాలి. రెండు రకాలు తెచ్చి ఇంట్లోనే వినిపించండి, బాగున్నది ఉంచుకుంటాను అని కబురు చేశారు. స్పీకరును రేడియోలో కాకుండా వేరే పెట్టెలో బిగించి నేల మీద నిలబెట్టడం అప్పట్లో మా వైపు వింత. "హైఫై" అనే మాటను శెట్టిగారు ఎక్కడో పత్రికలో చూసి నేర్చుకుని, వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. అది తినేదో తాగేదో తెలియక జనం తలలూపేవారు.

మా దగ్గర అలాంటి పెట్టెలు రెండే ఉండేవి. ఒకటి సీమ పెట్టె. దొరల దేశం నుంచి ఓడలో వచ్చింది. నా భుజం ఎత్తు ఉంటుంది. ముందువైపు మెరిసే గుడ్డ, దాని కింద అరచెయ్యి దూరేంత గుండ్రటి రంధ్రం. లోపలి గాలి ఆ దారిన బయటికి వచ్చి మద్దెల, తంబూరా వంటి బరువైన స్వరాలకు బలమిస్తుంది. రెండోది మేస్త్రి పెట్టె. లోపలి స్పీకరు కొన్నదే గానీ, పెట్టెను ఆయన టేకుతో దగ్గరుండి చేయించుకున్నాడు. దానికి రంధ్రం లేదు, అన్ని వైపులా మూసి ఉంటుంది. "అది షికారు పోయే పెట్టె. ఇది కాపురం చేసే పెట్టె" అనేవాడు.

వేరుశనగ బస్తాల లారీలో పోయాం. ముందు డ్రైవరు పక్కన అమ్మా నేనూ, వెనక బొంతలు చుట్టిన రెండు పెట్టెలనూ రెండు చేతులా పట్టుకుని మేస్త్రి. మైదుకూరులో టీ తాగడానికి ఆపితే, దుమ్ముకొట్టుకుపోయి కనురెప్పలు తప్ప ఏమీ కనిపించని మనిషి దిగాడు. అమ్మ గుర్తుపట్టలేక కొంగు సర్దుకుంది. "నేనే అక్కా, నీ పక్కింటోన్ని" అన్నాడు. దారి పొడుగునా భయంతో బిగుసుకుపోయిన నేను అప్పుడు మొదటిసారి నవ్వాను.

రెడ్డిగారి ఇల్లు నిజంగానే కొత్తది. సున్నం వాసన ఇంకా పోలేదు. హాలు పొడుగునా నున్నటి నాపబండలు పరిచారు. తెల్లటి గోడలు, నాలుగు కుర్చీలు, ఇంకేమీ లేవు. చెప్పులు బయట విడిచి గడప దాటుతూ నేను దగ్గితే ఆ దగ్గు హాలంతా తిరిగి మళ్ళీ నా దగ్గరికి వచ్చింది. ఆ గదికి ఎలాంటి పెట్టె నప్పుతుందో ఆ దగ్గే చెప్పింది. నా ధ్యాస అప్పుడు దాని మీద లేదు.

రెడ్డిగారు స్నేహితులను నలుగురిని పిలుచుకున్నారు. అమ్మను లోపలి ఆడవాళ్ళు తీసుకుపోయారు. మేస్త్రి రెండు పెట్టెలనూ గోడకు ఆనించి పక్కపక్కన నిలబెట్టాడు. ఒక మీట అటు నొక్కితే సీమది మోగుతుంది, ఇటు నొక్కితే మాది. సీమది సహజంగానే గట్టిగా పలుకుతుంది. అందుకని నేను హాలు మధ్యలో నిలబడి, రెండూ సమానంగా వినిపించేదాకా చెయ్యి పైకీ కిందికీ ఊపుతుంటే, ఆయన శబ్దం తిప్పే బిళ్ళ మీద ఒక్కొక్క పెట్టెకు ఒక్కొక్క సుద్ద గీత గీశాడు.

రెడ్డిగారికి విసుగొచ్చింది. "ఏం మేస్త్రీ, ముగ్గులేస్తాండారా? గట్టిగా పెట్టప్పా, ఊరికంతా ఇనపడాల."

గీతలు దాటి పెట్టక తప్పలేదు. సీమ పెట్టె లేచింది. మద్దెల దెబ్బకు కుర్చీలు అదిరాయి. ఒకాయన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, "గుండెకాయ గుభీలుమంటాండాదప్పా!" అన్నాడు. అది మెచ్చుకోలే. తర్వాత మా పెట్టె పలికితే, "ఇది ఎవరో దగ్గర కూచుని చెప్తాండినట్లుండాది" అన్నారు. అది తీసిపారేయడం.

"సీమదే ఉంచుదాం. ఇంకేముండాది?" అన్నారు రెడ్డిగారు.

ఇక నా పని నిలబడినట్లే అనుకున్నాను. మేస్త్రి తన పెట్టె తీగలు విప్పడానికి వంగాడు. ఆ మూసిన పెట్టె మీద ఆయనకెంత ఆశ ఉండేదో నాకు తెలుసు గనుక ఆయన ముఖం చూడలేదు. ఇంతలో అమ్మ లోపలి గది గడపలోకి వచ్చి నన్ను చేత్తో పిలిచింది. ఆమె వెనక నుంచి ఒక ముసలి గొంతు ఖంగుమంది.

"అబ్బయ్యా! ఆ దున్నపోతును యాడికన్నా తోలు. పాడేది ఆడదో మగోడో కూడా తెలిసి సావల్యా."

 రెడ్డిగారు తల గోక్కున్నారు. ఆ గొంతు వాళ్ళ అమ్మది. భర్త పోయినప్పటి నుంచి ఆమె మగవాళ్ళు కూర్చునే చోటికి రాదు. గడపకు అవతలి నడిమింట్లోనే ఉంటుంది. ఒకప్పుడు ఏ ఊళ్ళో హరికథ అన్నా బండి కట్టించుకుని పోయిన మనిషి. ఇప్పుడు గడప దాటదు.

"పాటలు ఆమె కోసరమే గదా తెప్పిచ్చింది" అన్నారు రెడ్డిగారు, ఎవరికో చెబుతున్నట్లు. "నాకెందుకు? నాకు తెల్లారితే సేద్యం."

ఎవరు వింటారు, ఎక్కడ కూర్చుని వింటారు అని మేం ముందుగా అడగలేదు. అంత దూరం లారీలో మోసుకొచ్చి, వినే మనిషికి గోడ అడ్డంపెట్టి, వినని వాళ్ళకు వినిపించాం.

నేను నడిమింట్లోకి పోయి అవ్వ పక్కన చాప మీద కూర్చున్నాను. బక్కపలచటి మనిషి, కళ్ళు మాత్రం చురుకు. మేస్త్రి సుద్ద గీతల ప్రకారం మళ్ళీ ఒకదాని తర్వాత ఒకటి వేశాడు. అక్కడ కూర్చుంటే అంతా వేరుగా ఉంది. సీమ పెట్టె బరువంతా బండల మీదా గోడల మీదా దొర్లి దొర్లి గడప దాటేసరికి ఒట్టి గుమ్ము. పాడే ఆమె ఎక్కడో కుండలో మునిగిపోయింది. మా పెట్టెలో మాటలు స్పష్టంగా వచ్చాయి, కానీ గొంతు పీలగా వచ్చింది.

"ఇది మాట్లాడతాండాది" అంది అవ్వ. "కానీ రెండు దినాలు అన్నం తిననోళ్ళు మాట్లాడినట్లుండాది. నాకు రెండూ వద్దు."

"మ్మా, శానా దూరం నుంచి తెచ్చినారు..."

"దూరం నుంచి తెస్తే? దూరం నుంచి వచ్చిన సంబంధాలన్నీ చేసుకుంటామా?"

రెడ్డిగారు మేస్త్రి వైపు తిరిగి, "ఈ పొద్దుకు ఉండండి. పొద్దున్నే లారీ ఉండాది, ఎక్కించుకపోండి" అన్నారు. ఆ మాట మర్యాదగానే అన్నారు. నాకు మాత్రం ఆత్మకూరు వంటగది కళ్ళ ముందు కనిపించింది.

ఆ పూట అవ్వ మాకు దగ్గరుండి సంగటి పెట్టించింది. నేను ముద్ద మింగలేకపోతుంటే, "ఏం పాపా, పలుకు పోయిన చిలక మాదిరి ఉండావు?" అంది. నేను చెప్పలేదు. నీళ్ళకని బావి దగ్గరికి పోయి వచ్చేసరికి అమ్మ చెప్పేసింది. అంగడి సంగతి, శెట్టిగారి మాట, మేనమామ ఇల్లు, అన్నీ. నేను కళ్ళెర్రజేస్తే, "అడిగింది, చెప్పినా. ఇంటికొచ్చినోళ్ళ బాగోగులు అడగడం పెద్దోళ్ళ పని" అంది అమ్మ. అవ్వ మాత్రం "మజ్జిగ పోసుకో" అంది, అంతే.

తెల్లవారి లారీ రావడానికి ఇంకా పొద్దుంది. పెట్టెలకు బొంతలు చుట్టేముందు మేస్త్రి, తన తృప్తి కోసం కాబోలు, ఇంకొకసారి వేసి చూశాడు. నేను నడిమింట్లో మా గుడ్డల మూట కట్టుకుంటున్నాను. అవ్వ ఆకుకూర గిల్లుతోంది. గడపకు అవతల ఒక ఆడమనిషి గొంతెత్తింది. ఒక్కొక్క అక్షరమూ విడివిడిగా, నిండుగా వచ్చింది. ఊపిరి తీసుకునే చోటు కూడా తెలిసింది.

అవ్వ చేతులు ఆగాయి. "ఎవరమ్మా అది? ఎవరొచ్చినారు?"

"ఎవరూ రాలేదవ్వా. పెట్టె."

"ఏ పెట్టె?"

నేను హాల్లోకి పరుగెత్తాను. మోగుతున్నది సీమ పెట్టె. మేస్త్రి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. తీగలు చూశాడు, గీత చూశాడు. అంతా నిన్నటి లాగానే ఉంది. తర్వాత రంధ్రం దగ్గర చెయ్యి పెట్టాడు. గాలి రావడం లేదు. చెయ్యి లోపలికి పెట్టి లాగితే పిడికెడు పత్తి వచ్చింది. ఇంకా లాగితే ఇంకా వచ్చింది.

అప్పుడే నిద్రలేచి వచ్చిన రెడ్డిగారు అది చూశారు. "ఎవర్రా ఈ పని చేసింది?" అని పనివాళ్ళ మీద అరిచారు.

"నేనే పెట్టిచ్చినా. ఏం?" అంది అవ్వ లోపల నుంచి.

"మ్మా! అది యంత్రం మ్మా!"

"యంత్రమైతే? ఇది యంత్రమా పెట్టెనా అని తేలు అడిగి దూరుతాదా? కొత్తిల్లు, బండల సందుల్లోంచి దినానికొకటి వస్తాండాది. పిల్లోళ్ళు పండుకునే చోట అంత బొక్క తెరిచిపెట్టి పోతిరి. పరుపు ఏకించగా మిగిలిన పత్తి ఉంటే కుక్కిచ్చినా."

మేస్త్రి చేతిలోని పత్తిని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. "బేటీ, ఆ సీమ ఇండ్లల్లో కింద కట్టె, దాని మింద తివాచీ, కిటికీలకు పరదాలు. ఆ గుమ్మునంతా అవి తాగేస్తాయి. ఈడ తాగేదానికి ఏముండాది? బండలు తాగుతాయా? అవ్వ పెట్టిచ్చిన పత్తి తాగింది."

ఆ తర్వాత జరిగింది నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన మొదటి సరైన పరీక్ష. మేస్త్రి పత్తి అంతా తీసేశాడు. దున్నపోతు తిరిగి వచ్చింది. అంతా కుక్కాడు. మాట స్పష్టమైంది గానీ మద్దెల బొత్తిగా చచ్చిపోయింది. ఇక నేను గడప మీద నిలబడ్డాను. లోపల అవ్వ, బయట మేస్త్రి, మధ్యలో నేను ఇద్దరి మాటలూ మోస్తూ.

"కొంచెం తియ్యమను."

"చాచా, కొంచెం తియ్యి."

"అంత కాదు, మళ్ళా పెట్టమను. ఆఁ... ఇంకొంచెం. సాలు సాలు! కదిలిచ్చొద్దను."

పిడికెళ్ళు తగ్గి చిటికెళ్ళ దాకా వచ్చాం. చివరికి అవ్వ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. "ఇప్పుడొచ్చినాది మనిషి" అంది.

మేస్త్రి మళ్ళీ గీతలు చెరిపి కొత్తవి గీసి, తన పెట్టెను కూడా అదే ఎత్తులో వినిపించాడు. నా వైపు తిరిగి, "దాచకుండా చెప్పు" అన్నాడు. అంతకుముందే నిజం చెప్పి ఒక బేరం చెడగొట్టిన నేను, ఇప్పుడు ఆయన మనసు కూడా కష్టపెట్టాలి. "నీది పీలగా ఉండాది చాచా. పత్తి పెట్టినాక సీమదే మేలు" అన్నాను. ఆయన తన టేకు పెట్టె మీద అరచెయ్యి వేసి ఒకసారి నిమిరాడు. "నీ చెవికి మొహమాటం లేదు బేటీ. చచ్చేదాకా అట్లే ఉంచుకో" అన్నాడు. ఆ మాట ఆయన నాకిచ్చిన దీవెన అనే ఇప్పటికీ అనుకుంటాను.

"అయితే సీమదే ఉంచుదాం" అన్నారు రెడ్డిగారు, నిన్నటి మాటే తనదన్న ధీమాతో.

"ఉండు" అంది అవ్వ. గడప దాకా వచ్చింది, దాటలేదు. "ఆ పత్తి ఎన్నాళ్ళుంటాది పాపా?"

పత్తికి ఏమవుతుంది, ఎన్నాళ్ళయినా ఉంటుందని చెప్పడానికి నోరు తెరిచాను. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

"ఏడాదికి పాతబడతాది" అంది అవ్వ, నేను అడిగినట్లుగా. "పత్తి పాతబడితే పాట చెడతాది. అవునా, కాదా మేస్త్రీ?"

మేస్త్రి అవ్వను చూశాడు, నన్ను చూశాడు, పైకప్పు వైపు చూశాడు. "అవునవ్వా. గాలి తగిలి తగిలి... ఏడాదికంటే ఆగదు."

"అట్లయితే ఏటేటా ఈ పాపే వచ్చి మార్చాల. ఇంకొకరు చెయ్యి పెడితే నేనొప్పను. ఆ మాట వాళ్ళ శెట్టితో ఒప్పిచ్చుకో అబ్బయ్యా. ఈ పాపను ఆయన అంగట్లో ఉంచుకుంటేనే పెట్టె మనకు. లేకపోతే వద్దు."

"చిటికెడు పత్తి మార్చేదానికి మనిషి కర్నూలు నుంచి రావాల్నా మ్మా?"

"నీ నీళ్ళ ఇంజనుకు మద్రాసు నుంచి రాల్యా మనిషి?"

రెడ్డిగారు సరేనన్నారు.  రేడియోలో సన్న గరగరను దాచలేకపోయిన నేను ఆ రోజు నోరు మెదపలేదు. తన పెట్టె ఓడిపోయిన గంటలోపే మేస్త్రి నా కోసం ఆ మాట చెప్పాడు. ఒకరోజు ముందుదాకా ముఖం కూడా తెలియని అవ్వ నాకు ఉద్యోగం నిలబెట్టింది.

కర్నూలు చేరాక మేస్త్రి శెట్టిగారికి అవ్వ పెట్టిన షరతు చెప్పి, పత్తి ముసలితనం గురించి చాలాసేపు వివరించాడు. శెట్టిగారు మధ్యలో ఆపకుండా విన్నారు.

"అట్లయితే పత్తి పాతబడతాదంటావు."

"బడతాది శెట్టీ."

"పాట చెడతాది."

"బ్రహ్మాండంగా చెడతాది."

శెట్టిగారు నా వైపు తిరిగారు. "నువ్వేమంటావు పాపా?"

"ఆ ఇంటి అవ్వ అట్లా అన్నాదండీ" అన్నాను. అది అక్షరాలా నిజం.

"ఊఁ. అయితే నిన్ను పనిలోంచి తియ్యనీకి లేదు" అని ఆయన లోపలికి పోయారు.

మరుసటి వేసవిలో, 1956లో, కడపకు పోయి పత్తి మార్చాను. అవ్వ తను కూర్చునే చోటే కూర్చుని విని, "ఆఁ, కొత్త పత్తికి ఆ కళ వేరు" అంది, నా కళ్ళలోకి చూసి. తీసిన పాత పత్తిని పారేయనీయలేదు. దీపం వత్తులు చేసుకుంది. అంగట్లో నా పని కూడా మారింది. పెద్ద పెట్టె ఎవరు కొన్నా, ముందు వాళ్ళ ఇంటికి పోయి, ఎవరు వింటారు, ఎక్కడ కూర్చుంటారు అని అడిగి రావడం నా వంతయింది.

ఆ నవంబరులో రాజధాని హైదరాబాదుకు పోయింది. గుడారాలు ఎత్తేశారు. ఉద్యోగులు మూటలు కట్టుకున్నారు. వాళ్ళ ఆడవాళ్ళు కొందరు నాతో చెప్పి కూడా పోయారు. అంగడి బోసిపోయింది. ఉదయం తీసిన తలుపు సాయంత్రం మూసేదాకా ఎవరూ గడప తొక్కని రోజులు వచ్చాయి. 1957 మొదట్లో శెట్టిగారు ఇద్దరు గుమాస్తాలను పంపించేశారు. ఇద్దరూ నాకంటే పాతవాళ్ళు, సంసారాలున్నవాళ్ళు. తర్వాత నేనేనని అందరికీ తెలుసు. అమ్మ ఆత్మకూరుకు ఉత్తరం రాయమంటావా అని అడగడం మొదలుపెట్టింది. రేపు చూద్దాం అంటూ గడిపాను.

ఎండలు ముదిరాక ఒక ఉదయం శెట్టిగారు లోపలి గదిలోకి రమ్మన్నారు. మేస్త్రి బల్ల దగ్గర పని ఆపి నన్నే చూస్తున్నాడు. శెట్టిగారి ముందు ఒక కాగితం పొట్లం ఉంది. నన్ను కూర్చోమన్నారు. అది మామూలుగా జరిగేది కాదు.

ఆయన పొట్లం విప్పారు. లోపల పత్తి, మల్లెపూల తెలుపు. చిటికెడు తీసి రెండు చేతుల బొటనవేళ్ళ మధ్య పట్టి మెల్లగా సాగదీసి, పింజ పొడవు చూసి, వెలుతురుకు ఎత్తి మళ్ళీ చూశారు. కొత్తవాళ్ళు అలా చూడలేరు.

"ఈ అంగడి పెట్టకముందర ఇరవై ఏండ్లు ఆదోనిలో పత్తి అమ్మినా పాపా" అన్నారు. "ఇది ఆడి నుంచే తెప్పిచ్చినా. మంచి పింజ. ముప్పై ఏండ్లయినా దీనికేం కాదు."

పొట్లం మడిచి దారం కట్టి నా వైపు జరిపారు.

"కడపకు పొయ్యి మార్చి రా. ఏడాదయిపాయ గదా."